బయోస్ అప్‌డేట్ తర్వాత ల్యాప్‌టాప్ లోగో దగ్గరే ఆగుతోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఈ ఒక్క అంకె చూడండి

నిన్నటిదాకా పవర్ బటన్ నొక్కి కుర్చీ లాక్కునేలోపు లాగిన్ స్క్రీన్ వచ్చేది. రాత్రి బయోస్ (విండోస్ కన్నా ముందు లేచి మెషీన్‌ను సిద్ధం చేసే ప్రోగ్రామ్) అప్‌డేట్ పడింది. పొద్దున్నుంచి కంపెనీ లోగో దగ్గరే నిమిషం, నిమిషంన్నర ఆగుతోంది. ఈ సమస్యతో రిపేర్ షాపుకెళితే చాలాచోట్ల ముందు వినిపించే మాట, "ఫార్మాట్ కొట్టేద్దాం సార్". డేటా అంతా కాపీ చేసుకుని, విండోస్ మళ్లీ ఎక్కించి, ప్రింటరు దగ్గర్నుంచి తెలుగు కీబోర్డు దాకా అన్నీ తిరిగి పెట్టుకున్నాక చూస్తే లోగో మళ్లీ అక్కడే ఆగుతుంది. ఆ సమయానికి విండోస్ ఇంకా మొదలే కాలేదు మరి. మొదలుకాని దాన్ని చెరిపి మళ్లీ రాస్తే ఏం మారుతుంది?

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఆలస్యం విండోస్ రాకముందా, వచ్చాకా?

కంటితోనే సగం తెలుస్తుంది. లోగో ఒక్కటే కదలకుండా ఉంటే ఇంకా బయోస్ పనిలోనే ఉంది. లోగో కింద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలైందంటే విండోస్ అందుకుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో విండోస్ కూడా అదే కంపెనీ లోగోను వాడుకుంటుంది కాబట్టి లోగోను చూసి మోసపోవద్దు, చుక్కలనే చూడండి.

మిగతా సగం విండోసే చెబుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. స్టార్టప్ యాప్స్ పేజీలో పైన కుడివైపు 'లాస్ట్ బయోస్ టైమ్' అని సెకన్లలో ఒక అంకె ఉంటుంది. అప్‌డేట్‌కు ముందు మీ మెషీన్‌లో అదెంత ఉండేదో తెలిస్తే అంతకన్నా మంచి కొలత లేదు. తెలియకపోతే ఎస్‌ఎస్‌డీ ఉన్న ఈ కాలపు ల్యాప్‌టాప్‌కు 5 నుంచి 15 సెకన్లు మామూలే అనుకోండి. ఆఫీసులకు అమ్మే మోడళ్లలో 20 దాకా వచ్చినా కంగారక్కర్లేదు. 40, 60, 90 కనిపిస్తే మాత్రం తప్పు విండోస్‌ది కాదు.

ఈ అంకె గురించి రెండు జాగ్రత్తలు. ఫర్మ్‌వేర్ (బయోస్‌లా చిప్‌లోనే ఉండే ప్రోగ్రామ్) తన సమయాన్ని తానే లెక్కగట్టి ఒక పట్టికలో రాసి పెడుతుంది, విండోస్ దాన్ని చదివి చూపిస్తుంది, అంతే. ప్రాసెసర్ లేవకముందు జరిగే ఆలస్యం అందులోకి రాదు. అందుకే ఒకసారి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి బటన్ నొక్కినప్పటి నుంచి కూడా కొలవండి. రెండోది, పవర్ ఆన్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లు దాన్ని టైప్ చేయడానికి తీసుకునే సమయం కూడా ఇందులో కలిసిపోతుంది.

మొదటి బూట్‌ను లెక్కలోకి తీసుకోవద్దు

అప్‌డేట్ అయిన వెంటనే వచ్చే బూట్ (మెషీన్ ఆన్ అయి లేవడం) నెమ్మదిగా ఉండటం లోపం కాదు. డీడీఆర్5, ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్‌లు నడిచే వేగంలో ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య ఉన్న ఒక్కో తీగలో సిగ్నల్ సరిగ్గా ఏ క్షణాన చేరుతోందో బయోస్ స్వయంగా కొలిచి సర్దుకోవాలి. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. ఒకసారి కొలిచిన ఫలితాన్ని బయోస్ చిప్‌లో దాచుకుని తర్వాతి బూట్లలో నేరుగా వాడుకుంటుంది. కొత్త ఫర్మ్‌వేర్‌తో పాటు ఆ కొలిచే కోడ్ కూడా మారితే పాత ఫలితం చెల్లదు, మళ్లీ మొదటినుంచి కొలవాల్సిందే. ఆ సేపు స్క్రీన్ నల్లగా ఉంటుంది, పవర్ లైటు వెలుగుతుంటుంది, ఒక్కోసారి ఫ్యాన్ హోరుమంటుంది. ర్యామ్ ఎంత ఎక్కువుంటే అంత ఆలస్యం, నిమిషాలు కూడా పట్టొచ్చు.

బయోస్‌తో పాటు కీబోర్డును, ఛార్జింగ్‌ను, ఫ్యాన్‌ను చూసుకునే చిన్న కంట్రోలర్‌కూ, ఇంటెల్ మెషీన్లలో మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే లోపలి కంట్రోలర్‌కూ, టైప్-సీ పోర్టును నడిపే చిప్‌కూ కలిపి కొత్త ఫర్మ్‌వేర్ రావడం మామూలే. అప్పుడు మెషీన్ దానంతటదే రెండు మూడుసార్లు ఆరిపోయి వెలుగుతుంది. ఈ దశలో పవర్ బటన్ పట్టుకుని నొక్కి ఆపేయడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. ఛార్జర్ పెట్టి పావుగంట వదిలేయండి. బ్యాటరీ చచ్చిపోయి నేరుగా ఛార్జర్ మీదే నడిచే ల్యాప్‌టాప్ అయితే కరెంటు పోయే వేళల్లో అప్‌డేట్ మొదలుపెట్టనే వద్దు. చాలా కంపెనీల అప్‌డేట్లు బ్యాటరీ లేకపోతే మొదలవ్వవు, అది మన మంచికే.

అప్‌డేట్ ముగిశాక మూడుసార్లు రీస్టార్ట్ చేసి, నాలుగోసారి నుంచి లాస్ట్ బయోస్ టైమ్ రాసుకోండి. అప్పటికి తగ్గిపోతే సమస్యే లేదు. తగ్గకపోతేనే ముందుకెళ్లాలి.

బయోస్ అంకె పెద్దగా ఉంటే

అప్‌డేట్ సమయంలో బయోస్ సెట్టింగులు ఫ్యాక్టరీ విలువలకు వెళ్లిపోవడం తరచూ జరుగుతుంది. ఎక్కువ కేసులు ఇక్కడే తేలిపోతాయి. సెటప్‌లోకి వెళ్లడానికి డెల్, ఏసర్, ఆసుస్, లెనోవో ఐడియాప్యాడ్‌లలో ఎఫ్2, థింక్‌ప్యాడ్‌లలో ఎఫ్1, హెచ్‌పీలో ఎఫ్10, ఎంఎస్‌ఐలో డిలీట్. ఈ కీ పట్టడం కుదరకపోతే విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ ఎంచుకోండి.

లోపల ముందుగా చూడాల్సింది నెట్‌వర్క్ బూట్. పీఎక్స్‌ఈ అని, యూఈఎఫ్‌ఐ నెట్‌వర్క్ స్టాక్ అని రకరకాల పేర్లతో ఉంటుంది. ఆఫీసుల్లో ఒకేసారి వందల కంప్యూటర్లకు విండోస్ ఎక్కించడానికి ఇది పనికొస్తుంది. ఇంట్లో దీనితో పని లేదు. ఫ్యాక్టరీ సెట్టింగుల్లో ఇది బూట్ వరుసలో ఎస్‌ఎస్‌డీ కన్నా పైన కూర్చుంటే, ప్రతిసారీ మెషీన్ ముందు నెట్‌వర్క్‌లో ఆపరేటింగ్ సిస్టం కోసం వెతుకుతుంది. ల్యాన్ కేబుల్ లేకపోతే వెంటనే వదిలేస్తుంది. కేబుల్ ఉంటేనే చిక్కు. ఇంటి రౌటర్ ఐపీ అడ్రస్ ఇస్తుంది, బూట్ ఫైలు మాత్రం ఇవ్వదు. ఇంకెవరైనా ఇస్తారేమోనని అది ఎదురుచూసి, ఐపీవీ4 అనే పాత అడ్రస్ పద్ధతిలో విఫలమై, మళ్లీ కొత్తదైన ఐపీవీ6లో మొదలుపెడుతుంది. ఆఫీసులో డాక్‌కు (ల్యాప్‌టాప్‌కు అదనపు పోర్టులిచ్చే పెట్టె) తగిలిస్తే నెమ్మది, ఇంట్లో ఒడిలో పెట్టుకుంటే మామూలు వేగం అనే వింత కేసుల్లో చాలావరకు కారణం ఇదే. కేబుల్ పీకేసి ఒకసారి రీస్టార్ట్ చేస్తే చాలు, తేలిపోతుంది. విండోస్ బూట్ మేనేజర్‌ను వరుసలో మొదటికి తెచ్చి, నెట్‌వర్క్ బూట్ ఆపేయండి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లను అడక్కుండా దీన్ని ముట్టుకోవద్దు, వాళ్లకు దానితో పని ఉండొచ్చు.

తర్వాత ఫాస్ట్ బూట్. డెల్‌లో దీనికి మినిమల్, థరో, ఆటో అని మూడు విలువలుంటాయి. మినిమల్ పెడితే బయోస్ మారినప్పుడో, ర్యామ్ మారినప్పుడో, పోయినసారి బూట్ మధ్యలో ఆగినప్పుడో తప్ప హార్డ్‌వేర్ పరీక్షలు చాలావాటిని దాటేస్తుంది. థరోలో ఒక్కటీ వదలదు. అక్కడే పోస్ట్ టైమ్ (ఆన్ కాగానే బయోస్ చేసే పరీక్షల సమయం) పొడిగించే ఆప్షన్ 0, 5, 10 సెకన్లుగా ఉంటుంది, అది 0 మీద ఉందో లేదో చూడండి. హెచ్‌పీ ఇంటి మోడళ్లలో పోస్ట్ హాట్‌కీ డిలే 20 సెకన్ల దాకా పోతుంది. థింక్‌ప్యాడ్‌లో స్టార్టప్ పేజీలో బూట్ మోడ్ డయాగ్నస్టిక్స్ మీద ఉంటే క్విక్‌కు మార్చండి.

ఒక్క సెట్టింగ్ మాత్రం తోచినట్టు తిప్పకూడదు: స్టోరేజ్ మోడ్, అంటే మెషీన్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి. ఏహెచ్‌సీఐ, రెయిడ్, వీఎండీ అని ఉంటుంది. విండోస్ ఏ మోడ్‌లో ఎక్కించి ఉంటే అందులోనే లేస్తుంది, వేరే మోడ్ పెడితే 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అనే నీలి తెర వస్తుంది. అప్‌డేట్ తర్వాత నేరుగా ఆ నీలి తెరే వస్తోందంటే ఈ మోడ్ మారిపోయి ఉంటుంది. పాత విలువ పెడితే విండోస్ ఏమీ జరగనట్టు లేస్తుంది. ఇక్కడ కూడా ఫార్మాట్ చేసేసి డేటా పోగొట్టుకున్నవాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది. బయోస్ అప్‌డేట్‌కు ముందు సెటప్‌లోని ప్రతి పేజీనీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఐదు నిమిషాల పని, ఇంత తలనొప్పీ తప్పుతుంది.

సెట్టింగులన్నీ సరిగ్గానే ఉంటే బయటి సామాను చూడాలి. పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, మెమరీ కార్డ్, డాక్, ఛార్జింగ్‌కని యూఎస్‌బీకి తగిలించిన ఫోన్, అన్నీ తీసేసి బూట్ చేయండి. బయోస్ ప్రతి పోర్టులో ఏముందో అడిగి జవాబు కోసం ఆగుతుంది. తిరిగే హార్డ్ డిస్క్ అయితే అది వేగం అందుకునేదాకా ఆగాలి. తీసేస్తే సమయం తగ్గిందా, ఒక్కొక్కటే తిరిగి పెడుతూ పోతే దోషి దొరుకుతుంది.

దొరక్కపోతే, కీబోర్డును, ఛార్జింగ్‌ను చూసుకునే ఆ చిన్న కంట్రోలర్‌ను రీసెట్ చేయాలి. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, డాక్ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. కొన్ని లెనోవో మోడళ్లలో అడుగున పేపర్ క్లిప్ దూరేంత చిన్న రీసెట్ రంధ్రం ఉంటుంది, అదీ ఇదే పని చేస్తుంది. దీని తర్వాతి మొదటి బూట్ మళ్లీ ఆలస్యం కావచ్చు, దాన్నీ లెక్కలోకి తీసుకోవద్దు.

ప్రతి బూట్‌లోనూ నల్ల తెర నిమిషాల తరబడి ఉండి, తేదీ కూడా పాత సంవత్సరానికి వెళ్లిపోతుంటే బోర్డు మీది సెల్ అయిపోయిందేమో చూడాలి. సెల్ ఉండే మోడళ్లలో ఎక్కువగా వాడేది సీఆర్2032, 3 వోల్టులది. మల్టీమీటర్‌లో 2.7 కన్నా తక్కువ చూపిస్తే మార్చేయండి. గడియారపు షాపులో దొరికే బోడి సెల్ చాలా ల్యాప్‌టాప్‌లకు పనికిరాదు. రెండు వైర్లు, చివర చిన్న కనెక్టర్ ఉన్నదే కావాలి, పాతది పట్టుకెళ్లి కనెక్టర్ పోల్చి తెచ్చుకోండి. కొన్ని పలచటి మోడళ్లలో అసలు ఈ సెల్లే ఉండదు, ఆ పని కూడా పెద్ద బ్యాటరీయే చూసుకుంటుంది.

ఇంకో అవకాశం కూడా ఉంది. అప్‌డేట్‌తో సంబంధం లేకుండా అదే వారంలో డిస్క్ పాడవడం మొదలై ఉండొచ్చు. డిస్క్ జవాబు ఇవ్వడానికి తడబడితే బయోస్ కూడా ఆగుతుంది, అంకె అక్కడ కూడా పెరుగుతుంది. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్ వేసి చూడండి. సాటా డిస్క్ (పాత పద్ధతిలో తగిలేది) అయితే 05, సీ5 వరుసల్లో (పాడైన, అనుమానమున్న చోట్ల లెక్క) రా విలువ సున్నా కాకపోతే ముందు డేటా బయటికి తీసుకోండి, బూట్ సంగతి తర్వాత. ఎన్‌వీఎంఈ (ఇంకా వేగంగా నడిచే కొత్త రకం ఎస్‌ఎస్‌డీ) అయితే హెల్త్ శాతంతో పాటు ట్రాన్స్‌ఫర్ మోడ్ చూడండి. అక్కడ ఇప్పుడు నడుస్తున్న వేగం, గరిష్ఠ వేగం పక్కపక్కనే ఉంటాయి. పీసీఐఈ 4.0 ఎక్స్4 రావాల్సిన చోట 1.0 అనో ఎక్స్1 అనో కనిపిస్తే బోర్డుకూ ఎస్‌ఎస్‌డీకీ మధ్య లింకు సరిగ్గా కుదరలేదు. ఎస్‌ఎస్‌డీని తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాలి.

బయోస్ అంకె చిన్నదే, అయినా నెమ్మదైతే

అప్పుడు విండోస్ వైపు రావాలి. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నస్టిక్స్-పెర్ఫార్మెన్స్, ఆపరేషనల్ వరకూ దిగండి. 100 నంబరు ఈవెంట్‌లో బూట్ డ్యురేషన్ మిల్లీసెకన్లలో ఉంటుంది. డీటెయిల్స్ ట్యాబ్‌లో మెయిన్ పాత్ బూట్ టైమ్ అంటే డెస్క్‌టాప్ వచ్చేదాకా పట్టినది, బూట్ పోస్ట్ బూట్ టైమ్ అంటే ఆ తర్వాత మెషీన్ కుదుటపడేదాకా పట్టినది. దాని పక్కనే 101 ఉంటే ఏదో ప్రోగ్రామ్, 102 ఉంటే డ్రైవర్, 103 ఉంటే సర్వీస్ ఆలస్యం చేసింది. పేరుతో సహా రాసి ఉంటుంది. 102లో స్టోరేజ్, చిప్‌సెట్, మేనేజ్‌మెంట్ ఇంజిన్ డ్రైవర్ల పేర్లు కనిపిస్తే, ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో మీ మోడల్ పేజీ నుంచే ఆ డ్రైవర్లు తెచ్చి వేయండి. కొత్త ఫర్మ్‌వేర్, పాత డ్రైవర్ కలవకపోవడం ఇక్కడ మామూలు కారణం.

షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే నెమ్మది, రీస్టార్ట్ చేస్తే మామూలు అనేవాళ్లు ఫాస్ట్ స్టార్టప్‌ను అనుమానించాలి. ఇది బయోస్‌లోని ఫాస్ట్ బూట్ కాదు, పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది కలిపేస్తారు. షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ తన కెర్నెల్‌ను (గుండెకాయ లాంటి భాగాన్ని) హైబర్నేషన్ ఫైల్‌లోకి రాసుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచి లేపుకుంటుంది. ఫర్మ్‌వేర్ మారాక ఆ ఫైలు హార్డ్‌వేర్‌తో సరిపోలకపోతే దాన్ని పారేసి మొదటినుంచి బూట్ అవ్వాల్సి వస్తుంది. సిస్టమ్ లాగ్‌లో కెర్నెల్-బూట్ 27 ఈవెంట్ చూడండి. బూట్ టైప్ 0ఎక్స్0 అంటే పూర్తి బూట్, 0ఎక్స్1 అంటే ఫాస్ట్ స్టార్టప్, 0ఎక్స్2 అంటే హైబర్నేషన్ నుంచి లేచింది. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉండి కూడా షట్‌డౌన్ తర్వాత ప్రతిసారీ 0ఎక్స్0 వస్తుంటే ఆ ఫైలును కొత్తగా తయారు చేయించాలి. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేట్‌ను ఆఫ్ చేసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ఆన్ చేయండి. తర్వాత కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ' పేజీకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్కు ఉందో లేదో సరిచూసుకోండి. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లు దీన్ని శాశ్వతంగా ఆపేసినా పెద్దగా పోయేదేమీ లేదన్నది నా అభిప్రాయం.

బూట్ అయ్యాక కూడా మౌస్ సహా అన్నీ ఈడుస్తుంటే టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ స్పీడ్ చూడండి. పని ఉన్నా 0.4, 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరే అతుక్కుపోయి ఉంటే బయోస్ ఛార్జర్‌ను గుర్తించక ప్రాసెసర్‌ను బిగించేసిందన్నమాట. డెల్ పిన్ ఛార్జర్లలో మధ్యనున్న సన్నటి పిన్ ద్వారా ఛార్జర్ తన వాట్లు చెబుతుంది. ఆ పిన్ వంగినా, డూప్లికేట్ ఛార్జర్ అయినా వేగం తగ్గిపోతుంది, బ్యాటరీ కూడా ఎక్కదు. బయోస్ సెటప్‌లో అడాప్టర్ ఎన్ని వాట్లదో చూపిస్తుంది, తెలియదు అని ఉంటే ఒరిజినల్ ఛార్జర్‌తో మళ్లీ కొలవండి.

బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) 48 అంకెల రికవరీ కీ అడగడం వేరే సంగతి. ఫర్మ్‌వేర్ మారితే ఆ తాళం చెవిని దాచే టీపీఎమ్ చిప్‌లోని కొలతలు మారతాయి, దొంగ చేయి పడిందేమోనని అది ఆగుతుంది. విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఫర్మ్‌వేర్ అయితే బిట్‌లాకర్‌ను ముందే కాసేపు పక్కన పెడుతుంది, పెన్‌డ్రైవ్‌తో సెటప్ మెనూ నుంచి మీరే వేస్తే ఆ పని మీరే చేయాలి. కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, తెర మీది కీ ఐడీతో పోల్చి తీసుకోండి. ఒకసారి అడిగితే సహజం. ప్రతి బూట్‌కూ అడుగుతుంటే లోపలికి వెళ్లాక బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి, రీస్టార్ట్ చేసి, రెజ్యూమ్ చేయండి. కొత్త కొలతలకు అది ముడిపడుతుంది.

విండోస్ బదులు ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ వాడేవాళ్ల పని ఇంకా సులువు. టెర్మినల్‌లో సిస్టమ్‌డీ-అనలైజ్ కొడితే ఫర్మ్‌వేర్, లోడర్, కెర్నెల్, యూజర్‌స్పేస్‌లకు ఎంతెంత పట్టిందో ఒకే వరుసలో వస్తుంది. మొదటి అంకె పెద్దదైతే పైన చెప్పిన బయోస్ దారి, చివరిది పెద్దదైతే అదే కమాండ్‌కు బ్లేమ్ చేర్చి ఏ సర్వీసో చూడండి. ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్‌తో బూట్ వరుసలో మిగిలిపోయిన పాత ఎంట్రీలను చూసి తీసేయొచ్చు.

పాత వెర్షన్‌కు వెళ్లాలా?

ఇన్నీ చేశాక కూడా బయోస్ అంకె దిగకపోతే కొత్త ఫర్మ్‌వేర్‌లోనే తప్పుండొచ్చు. వెనక్కి వెళ్లే ముందు ఇంకా కొత్త వెర్షన్ వచ్చిందేమో మోడల్ పేజీలో చూడండి. వెనక్కి వెళ్లడం అన్నిసార్లూ కుదరదు కూడా. భద్రతా లోపాలు సరిదిద్దిన వెర్షన్ నుంచి పాతదానికి పోనివ్వకుండా తాళం వేస్తారు. థింక్‌ప్యాడ్‌లో సెక్యూరిటీ పేజీలో సెక్యూర్ రోల్‌బ్యాక్ ప్రివెన్షన్ అని కనిపించేది అదే. కొన్ని మోడళ్లలో దాన్ని ఆపే వీలుంది, కొన్నిట్లో లేదు. నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్‌కు మైక్రోసాఫ్ట్ 2011లో ఇచ్చిన సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి ముగుస్తుంది కాబట్టి, వాటి స్థానంలో 2023 సర్టిఫికెట్లు తెచ్చే బయోస్‌ను పది సెకన్ల కోసం వదులుకోమని నేను చెప్పను. నిమిషాల ఆలస్యమైతే ఆలోచించాల్సిందే.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సి వస్తే చేతిలో ఉండాల్సినవి: సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో కనిపించే బయోస్ వెర్షన్, తేదీ, అంతకు ముందున్న వెర్షన్, వరుసగా మూడు బూట్ల లాస్ట్ బయోస్ టైమ్, స్టాప్‌వాచ్ లెక్క, 100 నంబరు ఈవెంట్‌లోని బూట్ డ్యురేషన్, అన్నీ తీసేసి చేసిన బూట్‌లో వచ్చిన అంకె. ఇవి ఒక కాగితం మీద రాసి ఇచ్చి, డేటా ముట్టుకోవద్దని అదే కాగితం మీద రాసి సంతకం తీసుకోండి.